కాలవగట్టు ప్రదక్షిణ

ఉయ్యూరు దగ్గర కాలవగట్టు షెడ్డు నుంచి,
కార్తీకమాసం, సోమవారం పొద్దున.

అక్కయ్యకు,

నీ పాదాలకు నారాయణ నమస్కారాలు. నేను ఒంట్లో బాగానే ఉన్నాను. కాళ్లు గట్టిగా ఉన్నాయి, గొంతు అంతకన్నా గట్టిగా ఉంది, వేళకు ఆకలి వేస్తోంది. బావ గారి మోకాళ్లు ఈ చలికి ఎలా ఉన్నాయో, శ్రీను మిరప తోటకు నీళ్లు అందుతున్నాయో లేదో, కోడలు వేళకు తింటోందో లేదో, నువ్వు కళ్లజోడు మార్పించుకున్నావో లేదో అన్నీ వివరంగా రాయి. నా గురించి బెంగ పెట్టుకోకు. ఈ మాట ఈ ఉత్తరంలో ఇంకా రెండు మూడుసార్లు రాస్తాను. ఎందుకంటే చదివేకొద్దీ నీకు బెంగ పుడుతుంది.

"సైకిల్ తొక్కడం ఉద్యోగమేంట్రా, ఎవడైనా జీతమిస్తాడా" అని కిందటి ఉత్తరంలో అడిగావు. ఇస్తున్నారక్కా. ఉగాది వెళ్లాక వచ్చి పటమటలో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా కుదిరిన సంగతి నీకు తెలుసు. సాయంత్రాలు సెల్లారులో కార్ల మధ్య డ్రైవర్లనూ పనిమనుషులనూ కూర్చోబెట్టి, మన భజన మందిరంలో లాగే నా భక్తి గ్రంథం చదివి అర్థం చెప్పేవాణ్ణి. నా గొంతు సంగతి నీకు చెప్పాలా, లిఫ్టు సందులోంచి అయిదో అంతస్తు దాకా పోయేది. ఒకరోజు ఆ అయిదో అంతస్తు నుంచే ప్రసాద్ గారు దిగి వచ్చాడు. తిట్టడానికే వచ్చాడనుకుని నేనూ సిద్ధంగా ఉన్నాను. ఆయన మాత్రం, "గురువు గారూ, మీకు సైకిల్ తొక్కడం వచ్చాండీ?" అని అడిగాడు.

ఆయనది ఇక్కడి వ్యవసాయ కుటుంబం. ఇప్పుడు బెజవాడలో టైల్సు వ్యాపారం. ఉయ్యూరు దగ్గర కాలవ పక్కన తాతలనాటి పొలం, నాలుగు మామిడి చెట్లు ఉన్నాయి. ఆ చెట్ల కింద షెడ్డు వేసి, సైకిళ్లు కొని పెట్టాడు. ఆదివారం తెల్లారేసరికి బెజవాడ నుంచి ఆఫీసుల వాళ్లు, టీచర్లు, షాపుల వాళ్లు కుటుంబాలతో వస్తారు. సైకిళ్లెక్కి కాలవగట్టు పట్టుకుని, నీళ్లు ఆపే లాకుల వంతెన దాటి, చెరకు తోటల మధ్యగా నాలుగు ఊళ్లు చుట్టి, అరటి తోటల పక్కనుంచి మళ్లీ షెడ్డుకే వస్తారు. తొందరేమీ ఉండదు. తొందర లేకపోవడమే ఇక్కడ అమ్మే సరుకు. దారిలో ఒకచోట ఇడ్లీ, ఒకచోట చెరకు రసం. వాళ్లకు ముందు నేను తొక్కాలి, ఊళ్ల గురించి నాలుగు మాటలు చెప్పాలి. అదీ ఉద్యోగం.

మిగతా రోజుల్లో పంచర్లు వెయ్యడం, గాలి కొట్టడం, గొలుసులకు నూనె పెట్టడం. రోజూ పొద్దున దారి కూడా చూసి రావాలి. గట్టు ఎక్కడైనా జారిందా, చెరకు ట్రాక్టర్లు ఎక్కడైనా గుంటలు చేశాయా అని. అంటే వారమంతా నేనొక్కణ్ణే ఆ చుట్టు, ఆదివారం జనంతో అదే చుట్టు. మనవైపు దారి అంటే ఎక్కడికో పోతుంది కదా. మార్కాపురానికో, కంభానికో, కనీసం కొండకో. ఈ దారి ఎంత తొక్కినా బయలుదేరిన మామిడి చెట్టు దగ్గరికే తెచ్చి దింపుతుంది. మొదట్లో ఇందులో ఏదో వేదాంతం ఉందనుకుని సంబరపడ్డాను. ఇప్పుడు మలుపు తిరిగి ఆ చెట్టు కనపడగానే సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్తున్నాను.

చోటు బాగుండదని కాదు. పచ్చదనం చూస్తే మన వాళ్లు ఏడుస్తారు. కోతకు ముందే, నిలబడి ఉన్న వరిలోనే మినుములు చల్లేస్తారు. నేల ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండకూడదట. కాలవలో గుర్రపుడెక్క, దాని మీద కొంగలు. అయితే గాలిలోనే నీళ్లుంటాయి. ఉతికిన పంచె రెండో రోజుకు గాని ఆరదు. నా గ్రంథం పేజీలు చెమ్మ పట్టి ఉబ్బి, వంపు తిరిగిపోయాయి. మన ఊరి పలకల ఫ్యాక్టరీ దుమ్ములో పగిలిన పలకల మీద అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి నేను. ఆ దుమ్ము కోసం కూడా బెంగ పడతానని ఎప్పుడూ అనుకోలేదు. పప్పు బాగా వండుతారు గానీ పులుసులో బెల్లం వేస్తారు. ఎవరైనా ఇటు వచ్చేవాళ్లుంటే వేరుశనగ కారం, నాలుగు సజ్జ రొట్టెలు పంపు. మెత్తబడినా పరవాలేదు.

ఇక అసలు సంగతి.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక ఆదివారం, గట్టు మీద పోతూ పోతూ ఒక కుర్ర ఆఫీసరు తాగేసిన నీళ్ల సీసా కాలవలోకి విసిరాడు. పక్కవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. సైకిల్ అడ్డంగా పెట్టి అందర్నీ ఆపాను. బ్యారేజీ దగ్గర చెంపలేసుకుని మునుగుతారు, ఇక్కడికి వచ్చి అదే కృష్ణమ్మ ముఖాన చెత్త విసురుతారా అన్నాను. ఇంకా చాలా అన్నాను. చివరికి, "ఇది పిక్నిక్కు కాదు. ప్రదక్షిణ అనుకోండి. నోళ్లు మూసుకుని కళ్లు తెరుచుకుని తొక్కండి" అని, గట్టు దిగి సీసా నేనే తీసుకొచ్చి నా బుట్టలో వేసుకున్నాను. ఆ తర్వాత షెడ్డు చేరేదాకా ఎవరూ నోరు విప్పలేదు. చైన్ల చప్పుడు, పిట్టల అరుపులు తప్ప ఏమీ లేదు. ఇంత మంచి ఆదివారం ఇంకోటి రాదనుకున్నాను. నిజంగానే రాలేదు.

పై వారం వచ్చినవాళ్లలో సగం మంది చెప్పులు విప్పి తొక్కారు. ఒకావిడ హ్యాండిల్‌కు పసుపు తాడుతో కొబ్బరికాయ కట్టుకొచ్చింది. ఇదేంటమ్మా అంటే, "ప్రదక్షిణ అన్నారంట కదండీ" అంది. ఆ సీసా విసిరిన కుర్రాడికే ఆ వారంలో పెళ్లి సంబంధం కుదిరిందట. ఆ సంబంధం వాళ్లమ్మ ఎన్నాళ్లుగా చూస్తోందో ఎవరూ అడగలేదు. దసరా వచ్చేసరికి పరీక్షల వాళ్లు, పిల్లలు లేనివాళ్లు, కోర్టు కేసుల వాళ్లు, అందరూ సైకిళ్ల మీదే. నేను ముందు తొక్కకపోతే చుట్టు చెల్లదని ఒక నియమం కూడా వాళ్లే పెట్టుకున్నారు.

ప్రసాద్ గారు గేటు దగ్గర బోర్డు పెట్టించాడు. దాని మీద నా బొమ్మ. నేను పంచరు వేస్తుండగా తీసిన ఫోటో అది. చేతిలో ట్యూబు తీసేసి శంఖం పెట్టారు, తల వెనక వెలుగు పెట్టారు. నేను షెడ్డు అదిరిపోయేలా అరిచాను.

"ఇది మోసం ప్రసాద్ గారూ. ఆదివారం అందరి ముందూ నిలబడి ఇది ఉత్త రోడ్డు, ఇవి ఉత్త సైకిళ్లు అని చెప్పేస్తాను."

"చెప్పండి గురువు గారూ, మీకు అడ్డేముంది?" అన్నాడు నవ్వుతూ.

చెప్పాను. ఇడ్లీల దగ్గర రాతి అరుగు ఎక్కి, గ్రంథం చేతిలో పట్టుకుని చెప్పాను. తొక్కితే పిక్కలకు బలం వస్తుంది, ఇంకేమీ రాదన్నాను. భగవంతుడికీ మనకీ మధ్య బేరం పెట్టడం పాపమన్నాను. అందరూ చేతులు జోడించి విన్నారు. వెనక ఒక పెద్దాయన పక్కాయనతో, "పెద్దవాళ్లు ఎప్పుడూ అట్టాగే అంటారండీ, తమ గొప్ప ఒప్పుకోరు" అన్నాడు. ఆ పై వారం ఇంకో ఇరవై సైకిళ్లు కొనాల్సి వచ్చింది. "మీరు కాదనేకొద్దీ జనం పెరుగుతున్నారండీ. అట్టాగే అంటా ఉండండి" అని ప్రసాద్ గారు నా భుజం తట్టాడు.

ఒక ఆదివారం జ్వరంతో లేవలేకపోయాను. ఈ వారంతో వీళ్ల నియమం తెగింది, పీడ పోయిందనుకున్నాను. కిటికీలోంచి చూస్తే, నా పాత సైకిల్‌కు దండ వేసి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని ముందు నడిపిస్తుంటే, మిగతావాళ్లు వెనక తొక్కుకుంటూ పోతున్నారు.

నవ్వుకుంటున్నావు కదూ. నేనూ అంతవరకు కోపంలో కూడా నవ్వుకుంటూనే ఉన్నాను. నవ్వు ఆగిపోయింది సుబ్బారావు గారి వల్ల.

పటమట నుంచి రాజ్యలక్ష్మి గారని ఒకావిడ వస్తుంది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయింది. గంభీరమైన మనిషి, నడుము నిటారుగా పెట్టి తొక్కుతుంది. ఆమె భర్తే సుబ్బారావు గారు. ఆయన తొక్కడు. మామిడి చెట్టు కింద కుర్చీ వేసుకుని ఫ్లాస్కు పక్కన పెట్టుకుని ఆమె వచ్చేదాకా కూర్చుంటాడు. తీరికగా తొక్కి వచ్చేవాళ్లందరినీ ఏదో ఒకటి అంటూ ఉంటాడు. "ఏమండోయ్, చక్రం తిరుగుతోంది గానీ మీరు తిరగటంలా" అంటాడు. నాకు ఆయనంటే ఇష్టం ఏర్పడింది.

దసరా వెళ్లాక ఒక ఆదివారం, అందరూ టీ తాగుతుంటే, ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"గురువు గారూ, మీ ప్రదక్షిణ కార్తీకం వెళ్లేదాకా చెయ్యాలంటగా?"

"నాది కాదండీ, నేనేమీ పెట్టలేదు. ఎందుకడుగుతున్నారు?"

"ఏం లేదు. డాక్టరు గారికి నామీద బెంగగా ఉంది." గుండె మీద చెయ్యి వేసి చూపించాడు. "లోపల మూడుచోట్ల పూడుకుపోయిందంట. పండగ ముందే కోయాలన్నాడు. ఇప్పుడు ఎప్పుడేమవుద్దో చెప్పలేనంటన్నాడు. ఇదేమో కార్తీకం వెళ్లేదాకా ఆదివారం తప్పకూడదని మొక్కుకుంది. ఆపరేషనంటే ఆసుపత్రిలో ఉండాలి కదండీ, ఆదివారం తప్పుద్ది. తప్పితే నాకేదో అవుద్దని దాని భయం."

"మీరు చెప్పలేదా?"

"నేను చెబితే వినే రోజులు పెళ్లయిన మొదటి వారంలోనే అయిపోయినయ్యండీ. మీ మాటైతే వింటది." అని ఫ్లాస్కు మూత బిగించడానికి ప్రయత్నించాడు. మూత నేను బిగించాను.

అక్కా, నా గొంతు మీద నాకెంత నమ్మకమో నీకు తెలుసు. అదే పూట ఆవిడ దగ్గరికి వెళ్లాను. అమ్మా, ఆపరేషన్ చేయించండి, ప్రదక్షిణ లేదు ఏమీ లేదు, నేను కోపంలో అన్న మాట అది అన్నాను. ఆవిడ ప్రశాంతంగా విన్నది.

"నన్ను పరీక్షిస్తున్నారని తెలుసండీ."

"పరీక్ష కాదమ్మా, నిజం."

"మీరే కదండీ చెప్పారు, పట్టిన నమ్మకం సగంలో వదిలేవాడు ఏటి మధ్యలో పడవ దిగినవాడితో సమానమని."

చెప్పాను. గ్రంథంలో లేని మాట అది, నేనే ఆవేశంలో కల్పించి చెప్పాను. అంత బాగా చెప్పినందుకు ఆరోజు గర్వపడ్డాను కూడా. నా మాట నాకే అడ్డం తిరిగి నిలబడింది. ఆ తర్వాత వరసగా మూడు ఆదివారాలు ఆవిడకు చెప్పాను, తిట్టాను, బతిమాలాను. ఎంత గట్టిగా చెబితే ఆవిడ కళ్లలో భక్తి అంత పెరిగేది. ఏ ఊపిరితో కాదంటానో ఆ ఊపిరే ఔనంటోంది. వారమంతా ఆ చుట్టు ఒంటరిగా తొక్కుతూ, లాకుల దగ్గర దిగి నీళ్లలోకి చూసేవాణ్ణి. గ్రంథం తెరిస్తే ఏ పేజీ తెరిచినా నన్ను తిడుతున్నట్టే ఉండేది. చెట్టు కింద ఆయన ఆదివారం ఆదివారానికి కుర్చీలో కిందికి జారి కూర్చుంటున్నాడు. జోకులు తగ్గాయి. ఫ్లాస్కు ఆవిడే మోసుకొస్తోంది. నా బెంగ నీకు పెట్టడం లేదు, నేను బాగానే ఉన్నాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

నిన్నటి ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం. మంచు దట్టంగా ఉంది. గేటు దగ్గర అందరూ సైకిళ్లు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఎప్పుడూ గేటు దాటగానే ఎడమకు తిరుగుతాం. అలా తిరిగితే ఊళ్లన్నీ కుడిచేతి వైపు ఉంటాయి. గుడి చుట్టూ తిరిగినట్టే. ఆరోజు సుబ్బారావు గారు కారు దిగి కుర్చీ దాకా నడవడానికే రెండుసార్లు ఆగాడు. ఆవిడ ఆయన్ని కూర్చోబెట్టి, శాలువా కప్పి, సైకిల్ దగ్గరికి వచ్చి నాకు దణ్ణం పెట్టింది. నేను ఏమీ అనుకోలేదు, ఆలోచించలేదు. గేటు దాటి కుడికి తిరిగాను.

వెనక ఒక్క సైకిల్ కదల్లేదు.

"గురువు గారూ, అటు కాదండీ" అని ఎవరో అన్నారు.

"ఇవాళ ఇటే."

"అప్రదక్షిణం అవుద్దండీ." అరుగు దగ్గర నా గొప్ప ఒప్పుకోనన్న ఆ పెద్దాయన గొంతు, ఈసారి నెమ్మదిగా ఉంది. "ఊళ్లు ఎడమచేతికి పడతయ్యి. అట్టా తిరిగేది ఒక్కచోటేనండీ."

ఎక్కడో అందరికీ తెలుసు. కాటి దగ్గర, కట్టెల చుట్టూ.

నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు. చుట్టింది నేనే అని వాళ్లు నమ్మితే, విప్పేదీ నేనే కావాలి. ఇన్నాళ్ల చుట్లూ విప్పేస్తే ఆవిడ కాచుకోవడానికి మొక్కు మిగలదు, డాక్టరొక్కడే మిగులుతాడు. తొక్కడం మొదలుపెట్టాక ఇలా ఆలోచించాను. ముందు కాదు. గ్రంథం బుట్టలో ఉంది. దాన్ని తీసి పంచె మడతలో దోపుకున్నాను, అది ఆ దిక్కుకు ముఖం పెట్టి ప్రయాణం చేయడం నాకే నచ్చలేదు.

ఎదురుగాలి. రోజూ తెలిసిన దారే తెలియని దారిలా ఉంది. అరటి తోటలు ముందు వచ్చాయి, చెరకు తోటలు తర్వాత వచ్చాయి. ఊళ్లో అరుగుల మీదివాళ్లు నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఒక ముసలావిడ పేడ తట్ట దించి, "ఎవరు పోయారు నాయనా?" అని అడిగింది. ఎవరూ పోలేదమ్మా అన్నాను. "మరి ఇట్టా వచ్చావేంది?" అంది. ఇంతమందికి ఇన్ని జవాబులు చెప్పినవాణ్ణి, ఆవిడకు దణ్ణం పెట్టి తొక్కుకుంటూ పోయాను. అక్కడ నుంచి షెడ్డు దాకా ఒకటే దడ. ఆయనకు ఈలోపే ఏమైనా అయితే? నేను నమ్మను. నమ్మనివాణ్ణి నాకెందుకు దడ?

తిరిగి వచ్చేసరికి అందరూ గేటు దగ్గరే ఉన్నారు. రాజ్యలక్ష్మి గారు ముందుకు వచ్చింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి.

"మా ఆయన్ని చంపడానికి తిరిగారా మీరు?" అంది.

నేను తల వంచుకున్నాను. సంజాయిషీ చెబితే అది మళ్లీ ప్రవచనమైపోతుంది, మళ్లీ నమ్ముతుంది.

"ఇన్ని వారాలు తొక్కాను. వాన పడుతుంటే తొక్కాను. అంతా పోయిందా?"

"పోయిందమ్మా" అన్నాను. "ఇక ఆసుపత్రి ఒక్కటే ఉంది."

చెట్టు కింద నుంచి సుబ్బారావు గారు, "రాజ్యం, కారు తాళాలియ్యి, నేను నడుపుతా" అన్నాడు. "మీరు నోరు మూసుకుని కూర్చోండి" అని ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని లేవదీసింది. సైకిల్ అలాగే నేల మీద పడి ఉంది. ఎవరికీ చెప్పకుండా, నా వైపు చూడకుండా, కారు నేరుగా ఆసుపత్రికే పట్టించింది.

మూడు రోజులు ఒక్కణ్ణే షెడ్డులో ఉన్నాను. ప్రసాద్ గారు ఫోన్లో, "ఏం పని చేశారు గురువు గారూ, ఆయనకేమైనా అయితే జనం షెడ్డు తగలబెడతారు" అన్నాడు. షెడ్డు గురించి నాకు దిగుల్లేదు. ఆ మనిషి ఆపరేషన్ బల్ల మీద పోతే, ఆవిడ బతికినంతకాలం నేను తిప్పిన ఆ చుట్టే ఆయన్ని తీసుకుపోయిందని అనుకుంటుంది. నేను నమ్మినా నమ్మకపోయినా, ఆవిడ మనసులో హంతకుణ్ణి నేనే. వంట చేసుకోలేదు. అటుకులు తిన్నాను. వేళకే తిన్నాను, బెంగ పడకు.

గురువారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. సుబ్బారావు గారి గొంతు, గాలిలో కలిసిపోయేట్టు ఉంది.

"గురువు గారూ, కోసి కుట్టేశారండీ. లోపలంతా కొత్త పైపులు వేశారంట. మున్సిపాలిటీ వాళ్లకన్నా బాగా చేశారు."

నేను సైకిళ్ల మధ్య కింద కూర్చుండిపోయాను. ఏడ్చాను, నీకు చెప్పడానికి సిగ్గు లేదు. కాసేపటికి ఫోన్ ఆవిడ తీసుకుంది.

"ఆయన బతికారండీ" అంది. "ఇంకో వారం ఆగుంటే దక్కేవారు కాదని డాక్టరు గారు అన్నారు. అదంతా నిజమే. కానీ ఆరోజు మీరు అటు తిరిగి పోతుంటే మీ వీపు చూసి నేను పడ్డ భయం ఉంది చూశారా, అది మాత్రం నేను మర్చిపోనండీ."

మర్చిపోవద్దమ్మా అన్నాను. పెట్టేసింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను, అక్కా. ప్రదక్షిణ పోయింది, నియమం పోయింది, ఇక ఆదివారాలు మళ్లీ ఇడ్లీలూ చెరకు రసమే అనుకున్నాను. నిన్న ఆదివారం తెల్లారి తలుపు తీసేసరికి కాలవగట్టు పొడుగునా కార్లు. గన్నవరం నుంచి, గుడివాడ నుంచి, ఇబ్రహీంపట్నం నుంచి కూడా వచ్చారు. వీళ్లలో సైకిళ్ల కోసం వచ్చినవాళ్లు సగమే. మిగతా సగం ఒంట్లో బాగాలేనివాళ్లను వెంటబెట్టుకుని వచ్చారు. చక్రాల కుర్చీలో ఒకాయన. తలకు గుడ్డ కట్టుకున్న చిన్న పిల్ల. వాళ్లమ్మ నా కాళ్ల దగ్గర కూలబడి అడిగింది:

"స్వామీ, మా పాప కోసం కూడా ఒక్కసారి ఊళ్లు ఎడమచేతికి పడేట్టు ఆ ఎడమ చుట్టు తిరగండి. యముణ్ణే వెనక్కి తిప్పి పంపారంట కదా."

ఆవిడకు ఏం చెప్పను? కాదంటే నా గొప్ప నేను ఒప్పుకోవడం లేదంటుంది. ఔనంటే ఆ పిల్లను మందుల నుంచి తప్పించినవాణ్ణవుతాను. ఆసుపత్రికి తీసుకెళ్లమ్మా, ఒక్కరోజు మానొద్దు అన్నాను. ఆసుపత్రి నుంచే వస్తున్నాం, తిరిగి అక్కడికే పోతాం స్వామీ, ముందు మీరు తిరగండి అంది. ఆ ఒక్క మాట పట్టుకుని, పాపకు మందులు మాన్పించనని ఆవిడ చేత మూడుసార్లు చెప్పించుకున్నాను. వెనక ప్రసాద్ గారు నా చెవిలో, "రెండు బ్యాచ్‌లు పెడదామండీ. కోరికలకు కుడి చుట్టు, ఆపదలకు ఎడమ చుట్టు" అంటున్నాడు. బోర్డుకు కొలతలు కూడా ఇచ్చేశాడట.

ఎదురుతిరిగే మనిషినైతే ఎంతమందినైనా నిలదీస్తాను. అది నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. కాళ్ల మీద పడేవాళ్లను ఏం చెయ్యాలో నాకు రాదు. వెళ్లిపోతానంటే ఎవరి మొక్కు సగంలో ఉందో వాళ్లు గేటుకు అడ్డం పడుకుంటారు. చెప్పకుండా పారిపోతే అంతర్ధానమయ్యాడని గుడి కడతారు. నిజంగా కడతారక్కా, ఇక్కడి వాళ్ల దగ్గర ఇటుకలకు కొదవ లేదు. ఊళ్లో ఎవరికైనా బాగాలేదని అబద్ధం చెప్పి రావచ్చు. అబద్ధం నా నోటితో చెప్పను. ఈ పిచ్చంతా నేను తొందరపడి అన్న ఒక్క మాటతో మొదలైంది, మళ్లీ ఇంకో మాటతో బయటపడను.

అందుకని నిన్నొకటి అడుగుతున్నాను. పెద్దవాళ్లు పిలిచారంటే ఇక్కడ ఎవరూ మారుమాట అనరు. ఎంతటి మొక్కైనా ఇంటి పెద్ద పిలుపు ముందు ఆగుతుంది. నువ్వు పిలువు. ప్రసాద్ గారి నంబరు శ్రీను దగ్గర ఉంది, వాడి చేత కలిపించు. నీకు ఫోన్లో సరిగ్గా వినపడదని నాకు తెలుసు, అదే మనకు మంచిది. నీ తమ్ముణ్ణి పంపమని చెప్పి పెట్టెయ్యి. ఆయన ఎవరినైనా మాటలతో ఒప్పించగలడు గానీ, వినపడనిదాన్ని ఏం ఒప్పిస్తాడు. ఏదో కారణం చెప్పమనడం లేదు. నిజంగా నన్ను చూడాలని ఉంటేనే పిలువు. అప్పుడది అబద్ధం కాదు.

ఇన్నాళ్లూ నీకు కూడా ఉత్తరాల్లో ఉపదేశాలే రాశాను. బావ గారిని బీడీలు మానమన్నాను, కోడల్ని టీవీ కట్టెయ్యమన్నాను. ఈసారి ఏమీ లేదు. బావ గారికి నా నమస్కారాలు చెప్పు. భజన మందిరంలో పెద్దలందరికీ పేరుపేరునా దణ్ణాలు. శ్రీనుకూ కోడలికీ ఆశీస్సులు. పుట్టబోయే పిల్లకు మంచి జరగాలని రోజూ అనుకుంటున్నాను, ఏ చుట్టూ తిరగకుండానే.

ఇది రాస్తుండగానే గేటు దగ్గర బెల్లులు మోగుతున్నాయి. ఆదివారం కాకపోయినా వచ్చేశారు. లేచి వెళ్లాలి. నీ చెయ్యి నా తల మీద పెట్టి ఆశీర్వదించు, కానీ ముందు ఆ ఫోన్ చెయ్యి. క్షేమంగా ఉన్నాను. త్వరగా రమ్మను.

నీ తమ్ముడు,
నారాయణ